ట్రయల్ బ్యాచ్ తేదీ వేసే ముందు: ప్లాంట్ ప్రాజెక్ట్ హెడ్‌లకు బహిరంగ లేఖ

బల్క్ డ్రగ్, కెమికల్ ప్లాంట్లు కడుతున్న ప్రాజెక్ట్ హెడ్‌లకు, ఇంజినీరింగ్ మేనేజర్లకు, ఆ మాటకొస్తే మీ దగ్గర ఆర్డర్లు తెచ్చే మా మార్కెటింగ్ వాళ్లకు కూడా,

నమస్కారం.

మేము మీ ప్లాంట్లకు పీఎల్‌సీ (వాల్వులను, మోటార్లను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) ప్యానెళ్లు కట్టి, ప్రోగ్రాం రాసి, సైట్‌కి వచ్చి పరీక్షించి నడిపించి (కమీషనింగ్ అనేది దీన్నే) వెళ్లేవాళ్లం. ప్యానెల్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఒక షెడ్డులో తయారవుతుంది. పాశమైలారంలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురంలోనో, నాయుడుపేటలోనో ఎక్కి నిలబడుతుంది. మీ బార్ చార్టులో మా పని ఆఖరి గీత. సివిల్ ఆలస్యమైనా, పైపింగ్ ఆలస్యమైనా, కేబుల్ డ్రమ్ము లారీలోనే ఉండిపోయినా ట్రయల్ బ్యాచ్ (పరీక్షగా చేసే మొదటి ఉత్పత్తి) తేదీ మాత్రం కదలదు. పూజకు ముహూర్తం పెట్టేసి ఉంటారు, ఎండీ గారు వస్తున్నారు. అందుకని 'కమీషనింగ్ 15 రోజులు' అని రాసుకున్న చోట చివరికి మాకు దక్కేది 4 రోజులు.

మిగతా 11 రోజులతో పాటు పోయేదేమిటో చెప్పడానికే ఈ లేఖ. మా నిద్ర గురించి కాదు, అది ఎలాగూ పోతుంది. మోటారు తిరగడం, స్క్రీన్ మీద వాల్వు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారడం కంటికి కనిపించే పనులు. ఆ నాలుగు రోజుల్లో కూడా అవి అయిపోతాయి. కనిపించని పని ఇంటర్‌లాక్ (ఏదైనా హద్దు దాటితే దానంతటదే వాల్వు మూసో, మోటారు ఆపో ప్రమాదాన్ని అడ్డుకునే ఏర్పాటు) టెస్టింగ్. గడువు కుదించినప్పుడల్లా కోత పడేది దాని మీదే. ప్లాంట్ నడుస్తోంది కదా అని అందరూ చప్పట్లు కొడతారు. ఏం చెక్ చేయకుండా నడుస్తోందో సర్వీస్ రిపోర్టులో ఎక్కడా ఉండదు.

ముందు ఆ 15 రోజుల లెక్క చెబుతాం. ఆరు రియాక్టర్ల (రసాయనాలు కలిపి చర్య జరిపే పాత్రలు) బ్లాకు, సుమారు 300 పాయింట్లు (పీఎల్‌సీకి వచ్చిపోయే సిగ్నళ్లు) అనుకోండి. మొదట లూప్ చెకింగ్, అంటే ఒక్కో సిగ్నల్ ఫీల్డు నుంచి స్క్రీన్ దాకా సరిగా వస్తోందా అని చూడటం. ఫీల్డులో ఒకరు, స్క్రీన్ ముందు ఒకరు, మధ్యలో వాకీటాకీ. ట్రాన్స్‌మిటర్ (కొలిచి సిగ్నల్ పంపే పరికరం) దగ్గర వైరు విప్పి క్యాలిబ్రేటర్‌తో 4, 8, 12, 16, 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తాం. అవతల 0, 25, 50, 75, 100 శాతం కనపడాలి. 12 ఇచ్చినప్పుడు స్క్రీన్ మీద 5 బార్ అని వచ్చి, ట్రాన్స్‌మిటర్ ప్లేటు మీద 0-6 బార్ అని ఉంటే తేడా దొరికినట్టే: ప్రోగ్రాంలో రేంజ్ 0-10 అని పడింది. దాన్ని అలాగే వదిలేస్తే జాకెట్‌లో (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) నిజంగా 3 బార్ ప్రెషర్ ఉన్నప్పుడు ఆపరేటర్‌కి 5 కనపడుతుంది. వైరింగ్ శుభ్రంగా ఉంటే ఇద్దరు మనుషులు రోజుకి 30 నుంచి 40 లూపులు చూడగలరు. వైరు కొసల మీది ఫెర్రూల్ నంబర్లు తప్పైతే, జంక్షన్ బాక్సులో లగ్గులు (వైరు కొసన బిగించే తొడుగులు) వదులుగా ఉంటే పది పూర్తవడం కష్టం. అంటే అన్నీ బాగుంటేనే ఎనిమిది రోజులు.

అన్నీ బాగుండవు. ఎందుకు బాగుండవో కాస్త వివరంగా చెబుతాం. ఇవి మీ కేబుల్ కాంట్రాక్టర్‌తో పని ఆర్డర్ రాసుకునేటప్పుడే తేల్చుకోదగ్గ సంగతులు.

ఆర్‌టీడీకి (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) మూడు వైర్లు కావాలి. స్టోర్‌లో రెండు కోర్ల కేబుల్ మిగిలి ఉందని అదే లాగేసి, జంక్షన్ బాక్సులో రెండు టెర్మినళ్లు కలిపి మూడో వైరు 'తయారు' చేస్తారు. పీటీ-100 రకం ఆర్‌టీడీ ఒక్కో డిగ్రీకి మారేది 0.385 ఓమ్. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 50 మీటర్లు పోయి 50 మీటర్లు వస్తే దానికే మూడున్నర ఓమ్‌ల పైన ఉంటుంది. స్క్రీన్ మీద 9, 10 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మాకు వచ్చే సలహా: "ప్రోగ్రాంలో మైనస్ 9 కొట్టెయ్యి బాస్." కొట్టొచ్చు. ఎండాకాలంలో ట్రే వేడెక్కితే రాగి నిరోధం కూడా మారుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో కేబుల్ మార్చి సరైన మూడు కోర్లు వేస్తారు, ప్రోగ్రాంలో మైనస్ 9 అలాగే ఉంటుంది. అప్పటి నుంచి మీ రియాక్టర్ ఉన్నదానికంటే 9 డిగ్రీలు చల్లగా కనపడుతుంది. వేడి పుట్టించే (ఎగ్జోథర్మిక్) రియాక్షన్‌లో 9 డిగ్రీలంటే ఏమిటో మీ ప్రాసెస్ వాళ్లని అడగండి.

టూ వైర్, ఫోర్ వైర్ తేడా ఇంకొకటి. మామూలు ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు మా పీఎల్‌సీ కార్డు నుంచే వెళ్తుంది. మాస్ ఫ్లో మీటర్‌కి సొంత సప్లై ఉంటుంది, తనే కరెంటు పంపుతుంది. రెండింటినీ ఒకే రకంగా కలిపితే 24 వోల్టులు ఇటు నుంచీ అటు నుంచీ తోసుకుంటాయి. అదృష్టం బాగుంటే ఫ్యూజు, లేకపోతే ఛానల్ పోతుంది. ఐఓ లిస్టులో (సిగ్నళ్ల పట్టిక) 'యాక్టివ్ / పాసివ్' అని ఒక్క కాలమ్ పెట్టి డేటా షీట్ చూసి నింపితే ఈ గొడవే ఉండదు.

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే యంత్రం) గురించి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. కేబుల్ ఇన్సులేషన్ చూడాల్సిందే, కాదనం. కానీ రెండో కొస మా కార్డులో బిగించి ఉండగా 500 వోల్టులు తిప్పితే, 24 వోల్టుల కోసం తయారైన అనలాగ్ కార్డు ఏమవుతుందో మళ్లీ చెప్పాలా? నైఫ్ టెర్మినల్ ఉంటే కత్తి ఎత్తండి, లేకపోతే వైరు విప్పండి, తర్వాత మెగ్గర్ తిప్పండి. వెల్డింగ్ కూడా అంతే: ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పెట్టకుండా పది మీటర్ల అవతల స్కిడ్డుకి (యంత్రాలు బిగించిన ఇనుప చట్రం) తగిలిస్తే వెల్డింగ్ కరెంటు తనకి నచ్చిన దారిలో, అంటే ట్రాన్స్‌మిటర్ బాడీ, దాని స్క్రీన్ వైరు మీదుగా కూడా వెళ్తుంది. ఇక ప్యానెల్‌కి యూపీఎస్ రాలేదని వెల్డింగ్ మెషిన్లు నడిచే డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి తాత్కాలికంగా కరెంటు ఇస్తారు చూడండి, ఆ బోర్డులో న్యూట్రల్ ఒక్కసారి ఊడితే 230 రావాల్సిన చోట 400కి దగ్గరగా వస్తుంది. అప్పుడు పోయే ఎస్‌ఎంపీఎస్ (ప్యానెల్‌కి 24 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై) దొరకడానికి వారం పట్టొచ్చు. ఆ వారం మళ్లీ మా ఖాతాలోనే.

ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ హెడర్ (వాల్వులను కదిపే గాలి వచ్చే ప్రధాన పైపు) కొత్తగా వేసినప్పుడు లోపల తుప్పు, వెల్డింగ్ పొక్కులు, నీళ్లు ఉంటాయి. చివరి కొసలు తెరిచి, తెల్ల గుడ్డ అడ్డం పెట్టి, గుడ్డ మీద మరక పడనంత వరకు గాలి ఊదాలి. వాల్వులకు ట్యూబింగ్ బిగించేది ఆ తర్వాతే. తేదీ ముంచుకొస్తే ముందు బిగించేస్తారు. పొజిషనర్ (వాల్వు ఎంత తెరవాలో గాలితో సర్దే పరికరం) నాజిల్ రంధ్రం వెంట్రుకంత సన్నం. అందులో తుప్పు పొడి చేరితే వాల్వు 40 శాతం దగ్గర వణుకుతూ నిలబడుతుంది. అందరూ అనేది 'పీఐడీ ట్యూనింగ్ సరిగా లేదు' అని, అంటే తప్పు మా ప్రోగ్రాందని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మిగిలిన ఏడు రోజుల్లో ఆరు ఇంటర్‌లాకులవి.

ఒక గ్లాస్ లైన్డ్ రియాక్టర్ తీసుకోండి. దాని జాకెట్‌లోకి ఆవిరి, కూలింగ్ టవర్ నీళ్లు, చిల్డ్ వాటర్, బ్రైన్ (సున్నా కంటే చల్లగా ఉన్నా గడ్డకట్టని ద్రవం) ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 3 బార్ ఆవిరి అంటే సుమారు 143 డిగ్రీలు. బ్రైన్ మైనస్ 15, మైనస్ 20. ఆవిరి మీద ఉన్న జాకెట్‌లోకి నేరుగా బ్రైన్ వదిలితే లోపలి గాజు పూత పగులుతుంది. తయారీదారు ఎన్ని డిగ్రీల తేడా వరకు తట్టుకుంటుందో రాసిచ్చిన హద్దు అందుకే. కాబట్టి ప్రోగ్రాం చేయాల్సింది ఇది: ఆవిరి ఇన్‌లెట్ మూసి, మూసుకున్నట్టు లిమిట్ స్విచ్ (వాల్వు తెరిచుందో మూసుందో చెప్పే స్విచ్) చెప్పాక వెంట్ తెరవాలి. జాకెట్ ప్రెషర్ దిగాక కండెన్సేట్ డ్రెయిన్ చేయాలి. ఆ తర్వాత టవర్ నీళ్లు, ఉష్ణోగ్రత దిగాక చిల్డ్ వాటర్, ఆ తర్వాతే బ్రైన్. వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. బ్రైన్ సప్లై మూసి, గాలితో జాకెట్‌లోని బ్రైన్‌ని దాని ట్యాంకులోకే తోసి, అప్పుడు రిటర్న్ మూయాలి. రిటర్న్ ముందే మూసేస్తే బ్రైన్ డ్రెయిన్ పాలవుతుంది, ట్యాంకు లెవల్ రోజూ తగ్గుతుంది. ఇది కనపడే నష్టం. కనపడనిది రెండోది: ఏదో ఒక నీళ్ల వాల్వు పూర్తిగా మూసుకోక కొద్దికొద్దిగా నీళ్లు బ్రైన్‌లో కలిస్తే బ్రైన్ పలచబడుతుంది, గడ్డకట్టే ఉష్ణోగ్రత పైకి వస్తుంది, ఒకరోజు చిల్లర్ ఎవాపరేటర్ ట్యూబుల్లో ఐస్ కట్టి ట్యూబులు పగులుతాయి. చిల్లర్ కంపెనీ మీద కోప్పడతారు. కారణం మూడో నంబరు రియాక్టర్ దగ్గరి ఒక లిమిట్ స్విచ్ బాక్సులో ఉంటుంది.

ఆ బాక్సు మూత తీస్తే రెండు చిన్న క్యాములు, ఒక్కో దానికి ఒక స్విచ్. వాల్వు తెరుచుకుంటే ఒకటి, మూసుకుంటే ఇంకొకటి నొక్కుకోవాలి. మధ్యలో ఉంటే ఏదీ నొక్కుకోకూడదు. బిగించే కుర్రాడు తొందరలో క్యాముని కొంచెం వెడల్పుగా సెట్ చేస్తే వాల్వు ఇంకా ముప్పావు వంతే మూసుకున్నా 'క్లోజ్' అని వచ్చేస్తుంది. స్క్రీన్ ముందు కూర్చున్నవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. వాల్వు దగ్గర ఒక మనిషి నిలబడి, గాలి సగంలో ఆపి, రెండు ఫీడ్‌బ్యాకులూ పోయాయా, పెట్టిన టైములోగా అలారం వచ్చిందా అని చూస్తేనే తెలుస్తుంది. రియాక్టర్‌కి 16 యుటిలిటీ వాల్వులుంటే 16 సార్లు.

హై టెంపరేచర్ ఇంటర్‌లాకు టెస్టుకి ఒక దొంగదారి ఉంది. హద్దు 80 అయితే దాన్ని స్క్రీన్‌లో 20కి దించుతారు. అలారం మోగుతుంది, ఫొటో తీసి రిపోర్టులో అతికిస్తారు. దీంతో ప్రోగ్రాంలో ఒక లైను పనిచేస్తుందని మాత్రమే రుజువైంది. సెన్సర్, వైరు, కార్డు, రేంజ్ ఏవీ పరీక్షకు రాలేదు. సరైన పద్ధతి ఇది: ఆర్‌టీడీ తలకాయ దగ్గర వైర్లు విప్పి డికేడ్ బాక్స్ (కావలసినంత నిరోధం పెట్టుకునే పెట్టె) కలపాలి. 100 ఓమ్‌లు అంటే సున్నా డిగ్రీలు. అక్కడి నుంచి మెల్లగా పెంచుతూ 130.9 దగ్గరికి వస్తే అది 80 డిగ్రీలు. ఆ క్షణాన డోసింగ్ వాల్వు నిజంగా మూసుకుందా, కూలింగ్ వాల్వు నిజంగా తెరుచుకుందా, ఎన్ని సెకన్లలో అని కళ్లతో చూడాలి. అక్కడితో ఆగకుండా ఒక వైరు పీకెయ్యాలి. వైరు తెగితే ప్రోగ్రాం దాన్ని ప్రమాదంగానే లెక్కగట్టి డోసింగ్ ఆపాలి. 'రీడింగ్ పోయింది, ఆఖరి విలువ 42 పట్టుకుందాం' అని కూర్చునే ప్రోగ్రాములు ఉన్నాయి. అలాంటిది ఒకటి దొరికితే ఆ పూట ఖర్చయిన టైమంతా గిట్టుబాటైనట్టే.

అజిటేటర్ (రియాక్టర్‌లోని సరుకును కలిపే రెక్కల షాఫ్టు) ఇంటర్‌లాకూ అంతే. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) ఆన్ అయింది కాబట్టి అజిటేటర్ తిరుగుతోందని ప్రోగ్రాం నమ్ముతుంది. బెల్టు తెగినా, కప్లింగ్ జారినా మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కలపకుండా రియేజెంట్ పోస్తూ పోతే అది అలాగే పేరుకుంటుంది. ఎవరో వచ్చి అజిటేటర్ ఆన్ చేశాక అంతా ఒక్కసారి రియాక్ట్ అవుతుంది. షాఫ్టు మీద అది తిరగడాన్ని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ పెట్టండి అని మేము ఆఫర్లో రాస్తాం. ధర తగ్గించేటప్పుడు మొదట ఎగిరిపోయేది అదే.

కొనుగోళ్ల విభాగానికి కూడా ఒక మాట. ఆవిరి వాల్వు గాలి పోతే మూసుకోవాలి, కూలింగ్ వాల్వు గాలి పోతే తెరుచుకోవాలి. అన్నీ ఒకే మోడల్ అయితే డిస్కౌంట్ వస్తుందని మొత్తం 'ఫెయిల్ క్లోజ్' కొన్న సందర్భాలు ఉన్నాయి. ఇది కాగితం మీద పట్టుబడదు. ఎయిర్ హెడర్ మూసి, ఏ వాల్వు ఎటు పోయిందో నడిచి చూస్తే అరగంటలో పట్టుబడుతుంది.

రియాక్టర్‌కి ఇలాంటి ఇంటర్‌లాకులు 14 ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి మీ ప్రొడక్షన్ మనిషి సాక్షిగా అరగంట. రియాక్టర్‌కి ఒక రోజు, ఆరింటికి ఆరు రోజులు. ఎనిమిది, ఆరు, చివర పూర్తి వాటర్ ట్రయల్‌కి ఒకటి. మీ చార్టులోని 15 ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ లెక్క. అందులో అదనంగా ఒక్క రోజూ లేదు.

నాలుగు రోజులిస్తే ఏమవుతుందంటే, మేము ఫోర్స్ చేస్తాం, అంటే రాని సిగ్నల్ వచ్చినట్టు ప్రోగ్రాంలో పెడతాం. ఫీడ్‌బ్యాక్ రావడం లేదు, సీక్వెన్సు ముందుకు కదలదు, వెనక పది మంది నిలబడి ఉన్నారు. ఆ బిట్‌ని ప్రోగ్రాంలో 1 అని ఫోర్స్ చేస్తే కదులుతుంది. సీమెన్స్ ఎస్7-1500 పీఎల్‌సీలో ఫోర్స్ పెట్టి ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లిపోయినా అది సీపీయూలో అలాగే ఉంటుంది. సీపీయూ మీద మెయింట్ అనే పసుపు దీపం వెలుగుతూ ఉంటుంది. రాక్‌వెల్ కంట్రోలర్ల మీద కూడా ఫోర్స్‌కి వేరే దీపం ఉంది. మీ ఎలక్ట్రికల్ వాళ్లకి ఒక్క పని అప్పగించండి: ప్రతి ఉదయం ప్యానెల్ తలుపు తీసి ఆ దీపం చూడటం. వెలుగుతుంటే ఎందుకని అడగటం. టెర్మినళ్ల మధ్య పెట్టిన జంపర్ వైరుకి ఈ పాటి దీపం కూడా ఉండదు. అందుకే జంపర్లన్నీ ఒకే రంగు వైరుతో, ఒక అడుగు బయటికి వేలాడేలా పెట్టాలని, ప్యానెల్ తలుపు లోపల కాగితం అంటించి తేదీ, టెర్మినల్ నంబరు, అడిగిన మనిషి పేరు, తీసేయాల్సిన తేదీ రాయాలని మేము అంటాం. ముఖ్యంగా అడిగిన మనిషి పేరు. ఫోన్లో 'ప్రస్తుతానికి బైపాస్ చెయ్యి, నేను చూసుకుంటా' అనేవాళ్లు ఆ గడిలో సంతకం పెట్టమంటే సగం మంది వెనక్కి తగ్గుతారు. మిగతా సగం మంది సంతకం పెడితే మాకు అభ్యంతరం లేదు.

కొలిచే చోటు ఎంత ముఖ్యమో ఆంధ్రప్రదేశ్‌లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ ఎత్తి చూపిన లోపాల్లో ఒకటి, ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పాయింట్ అడుగున మాత్రమే ఉండటం. పైన వేడెక్కుతున్న స్టైరీన్ సంగతి కింద ఉన్న సెన్సర్ చెప్పలేదు. ఆ సెన్సర్ చెడిపోలేదు, అది ఉన్నచోట ఉన్న ఉష్ణోగ్రతే చూపించింది. ఐఓ లిస్టు మీటింగులో ఇంకో రెండు ఆర్‌టీడీలు, ఒక థర్మోవెల్ నాజిల్ (సెన్సర్ గొట్టం దూర్చడానికి ట్యాంకుకి పెట్టే కన్నం) అడిగితే 'ట్యాంకు ఆర్డర్ అయిపోయింది, ఇప్పుడు నాజిల్ కుదరదు' అనే జవాబు మాకు అలవాటే. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ మనిషిని ట్యాంకు డ్రాయింగ్ మీద సంతకం కాకముందే పిలవండి.

వెండర్ ప్యాకేజీల గురించి క్లుప్తంగా. చిల్లర్, బాయిలర్, నైట్రోజన్ ప్లాంట్ ఎవరి పీఎల్‌సీతో వాళ్లు వస్తారు. అన్నీ మోడ్‌బస్ (పరికరాలు డేటా పంపుకునే పద్ధతి) మీద మీ స్కాడాలో (ప్లాంట్ మొత్తాన్ని స్క్రీన్ మీద చూపే సాఫ్ట్‌వేర్) కలపమంటారు. కలపొచ్చు, అడ్రస్ లిస్టు ఉంటే. కొనేటప్పుడే పీవోలో (కొనుగోలు ఆర్డరు) రాయండి: రిజిస్టర్ అడ్రస్, డేటా టైపు, స్కేలింగ్, బాడ్ రేటు, ప్యారిటీ, స్లేవ్ నంబరు రాసిచ్చాకే ఆఖరి పేమెంట్ అని. అది లేకుండా మా పని చీకట్లో సూది వెతకడమే. 40001 అని ఒకరు రాస్తే అది సున్నా నుంచి లెక్కా, ఒకటి నుంచి లెక్కా తెలియదు. ఫ్లోట్ (దశాంశ) విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది. ముందూ వెనకా మారితే, చిల్లర్ ప్యానెల్ మీద 25.0 ఉన్న ఉష్ణోగ్రత మా స్క్రీన్ మీద 0.0 అని కనపడుతుంది. చెత్త అంకె వచ్చినా బాగుండేది, అనుమానం వచ్చేది. సున్నా చూసి సెన్సర్ పోయిందనుకుని ఒక పూటంతా సెన్సర్ వెనక పడతారు. ఇదిలా ఉంటే కేబుల్ లైను చివర 120 ఓమ్ రెసిస్టర్ పెట్టారా, మధ్యలో పెట్టారా అనేది ఇంకో పూట.

ఫార్మా వాళ్లకి విడిగా చెప్పాల్సినది: ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద అమెరికా 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నియమాలు 1997 నుంచి ఉన్నాయి. ఆడిట్ ట్రయల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసే చిట్టా) కావాలని యూఆర్‌ఎస్‌లో (మీ అవసరాల పత్రం) మీరే రాస్తారు, మేము చేసి ఇస్తాం. తర్వాత షిఫ్టు మొత్తం ఒకే యూజర్ నేమ్‌తో, స్క్రీన్ పక్కన స్టిక్కర్ మీద రాసుకున్న పాస్‌వర్డ్‌తో నడుస్తుంది. ఆడిట్ ట్రయల్ ఆ పేరే రాసుకుంటూ పోతుంది. సర్వర్, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్), పీఎల్‌సీ గడియారాలు మూడూ ఒకే టైము చూపించేలా ఒక టైమ్ సర్వర్ పెట్టమంటే ఐటీ విభాగానికి, ఇంజినీరింగ్‌కి మధ్య ఫైలు తిరుగుతుంది. అలారం టైముకీ బ్యాచ్ రిపోర్టు టైముకీ ఏడు నిమిషాల తేడా ఎందుకుందని ఆడిటర్ అడిగిన రోజు మాకు ఫోన్ వస్తుంది. ఓక్యూ (పనితీరు వాలిడేషన్ పరీక్ష) సంతకాలు అయ్యాక నోటిమాటగా 'ఆ లిమిట్ ఒక్కటి మార్చి వెళ్లు' అని అడగకండి. మార్చడం రెండు నిమిషాలు. చేంజ్ కంట్రోల్ ఫారం (మార్పుకి అనుమతి పత్రం) లేకుండా మారిస్తే వాలిడేట్ చేసిన ప్రోగ్రాం ఒకటి, నడిచే ప్రోగ్రాం ఇంకొకటి అవుతుంది.

మా కంపెనీల వాళ్లకి చెప్పాల్సినవి కూడా ఇక్కడే చెబుతాం, వాళ్లూ చదువుతారు కాబట్టి. ఆర్డర్ కోసం '7 రోజుల్లో కమీషనింగ్' అని రాసిచ్చేది వాళ్లే. అమీర్‌పేటలో ట్రైనర్ కిట్ మీద రెండు నెలలు నేర్చుకుని వచ్చిన కుర్రాడిని ఒక్కడినే ల్యాప్‌టాప్ ఇచ్చి బస్సెక్కించేదీ వాళ్లే. ట్రైనర్ కిట్‌లో వైరు ఎప్పుడూ తెగి ఉండదు, అందుకే అతను మూడు గంటలు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతాడు. తప్పు టెర్మినల్‌లో, లగ్గుకి బదులు ఇన్సులేషన్ మీద బిగించిన స్క్రూలో ఉంటుంది. సైట్‌కి కనీసం ఇద్దరు వెళ్లాలి, ఒకరికి ఫీల్డు అలవాటై ఉండాలి. ఆఖరి 10 శాతం డబ్బు సైన్-ఆఫ్ మీద ఆధారపడి ఉన్నంత కాలం, ఆ సంతకం కోసం పనైపోయాక కూడా కుర్రాళ్లు గెస్ట్ హౌస్‌లో పడి ఉండటం, ఆ సంతకాన్ని పట్టుకుని మీ వాళ్లు ఆఫర్లో లేని పనులు చేయించుకోవడం రెండూ ఆగవు. ప్రోగ్రాంకి పాస్‌వర్డ్ పెట్టి సోర్స్ ఇవ్వని కంపెనీలను మేము సమర్థించం. కామెంట్లతో సహా సోర్స్, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లో తయారైందో రాసిన కాగితం మీ చేతికి రావాలి. సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్ వీ17కి ఎక్కించిన ప్రాజెక్టు వీ16లో తెరుచుకోదు. మీ మెయింటెనెన్స్ దగ్గర ఉన్న లైసెన్సు ఏదో మేము మొదలుపెట్టక ముందే చెబితే అదే వెర్షన్‌లో ఇస్తాం.

గేటు దగ్గర సగం రోజు పోతుంది. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, సేఫ్టీ ఇండక్షన్, ఫోన్ కెమెరాకి స్టిక్కర్, పెన్ డ్రైవ్ నిషేధం. పెన్ డ్రైవ్ విషయంలో మీరు చేస్తున్నది సబబే, 2010లో స్టక్స్‌నెట్ (పెన్ డ్రైవ్‌ల ద్వారా పాకి పీఎల్‌సీలను దెబ్బతీసిన వైరస్) బయటపడ్డాక ఎవరూ కాదనలేరు. కానీ అలాగైతే వైరస్ చెక్ చేసిన మీ పెన్ డ్రైవ్ ఒకటి మాకివ్వండి. పేర్లు, సామాన్ల వివరాలు రెండు రోజుల ముందే పంపుతాం, పాసులు తయారుగా ఉంచండి. ఇంకో విషయం, అడగాల్సి రావడమే బాగోలేదు: ఈ పనిలో అమ్మాయిలు ఉన్నారు. ప్రాజెక్ట్ బ్లాకు దగ్గర తాళం ఉన్న ఒక టాయిలెట్ లేక, అర కిలోమీటరు దూరంలోని అడ్మిన్ బ్లాకుకి వెళ్లి రావాల్సి వస్తోంది. రాత్రి షిఫ్టులో అదీ మూసి ఉంటుంది.

ఫ్యాట్ (ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్) అంటే మా షెడ్డులో స్విచ్చులూ పొటెన్షియోమీటర్లూ పెట్టి మీ సీక్వెన్సు నడిపి చూపించే రెండు రోజులు. దానికి పర్చేజ్ నుంచి ఒకరు, ప్రాజెక్ట్స్ నుంచి ఒకరు వచ్చి కాఫీ తాగి వెళ్తారు. రియాక్టర్ నడిపే షిఫ్టు ఇన్‌చార్జిని పంపండి. 'నైట్రోజన్ పెట్టకుండా మ్యాన్‌హోల్ మూశాక మేము వాక్యూమ్ లాగం' అని అతను అక్కడ ఒక్క మాట అంటే పది నిమిషాల్లో మారుతుంది. అదే మాట ట్రయల్ బ్యాచ్ రాత్రి రెండింటికి అంటే, లోడైన రియాక్టర్ పక్కన నిలబడి నడుస్తున్న ప్రోగ్రాం మార్చాలి. ఆ పని ఎవరూ చేయకూడదు, కానీ చేయిస్తున్నారు.

మేము అడిగేది ఒక కాగితం. మమ్మల్ని సైట్‌కి పిలిచే ముందు దాని మీద మీ సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్, యుటిలిటీ నలుగురూ సంతకం చేయాలి. అందులో ఉండాల్సినవి ఇవీ: ప్యానెల్ రూముకి తలుపు, ఏసీ ఉన్నాయి, లోపల గ్రానైట్ కోత అయిపోయింది. యూపీఎస్ నుంచి శాశ్వత సప్లై వచ్చింది, ఫేజు నుంచి న్యూట్రల్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి వోల్టేజి కొలిచి రాశారు. ఇన్‌స్ట్రుమెంట్ ఎర్త్ పిట్ వేరే ఉంది, రీడింగ్ ఇదీ. కేబుళ్ల మెగ్గర్, కంటిన్యూటీ రెండూ కార్డులు విప్పి చేశారు. ట్రాన్స్‌మిటర్ కేబుల్ స్క్రీన్ ఒక్క ప్యానెల్ వైపే ఎర్త్ చేశారు. సిగ్నల్ కేబుళ్లు డ్రైవ్ మోటారు కేబుళ్ల ట్రేలో లేవు. ఎయిర్ హెడర్ గుడ్డ పరీక్ష అయింది. వాల్వులన్నీ చేత్తో ఒకసారి గాలి ఇచ్చి తెరిచి మూశారు. వెల్డింగ్ ముగిసింది. పీ అండ్ ఐడీ (పైపులు, పరికరాల డ్రాయింగ్), ఐఓ లిస్టు, కాజ్ అండ్ ఎఫెక్ట్ చార్టు (ఏది జరిగితే ఏది ఆగాలో చెప్పే పట్టిక) ఆఖరి రివిజన్ నంబర్లు ఇవీ.

ఏ ఒక్కటి కాకపోయినా సంతకం పెట్టకండి, మమ్మల్ని పిలవకండి. నాలుగు సంతకాలూ పడిన రోజు నుంచి 15 రోజులు లెక్కపెట్టండి. ట్రయల్ బ్యాచ్ తేదీ ఆ పదిహేనో రోజు తర్వాతే వేయండి. తేదీ ఏ కారణంగానైనా అంతకంటే ముందే పెట్టాల్సి వస్తే, ఏ రియాక్టర్‌కి ఏ ఇంటర్‌లాకులు టెస్ట్ చేయకుండా వదులుతున్నామో మేము పట్టిక రాసి ఇస్తాం. దాని కింద మీ సంతకం, ఫ్యాక్టరీ మేనేజర్ సంతకం కావాలి. ఆ పట్టికలో ఉన్న రియాక్టర్లను నీళ్లతో తప్ప దేనితోనూ నింపవద్దు.

ఇట్లు,
మీ ప్లాంట్లలో ప్యానెళ్లు బిగించి కమీషనింగ్ చేసే ఆటోమేషన్ ఇంజినీర్లు, టెక్నీషియన్లు